జీపు ఆగిన పావుగంట

మా జీపు ఏలూరులో బయలుదేరిన ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు ఆగిపోయేది. చాటపర్రు దాటి, తారు రోడ్డు దిగి, కొల్లేరు గట్టు ఎక్కాక, రెండు పక్కలా నీళ్ళూ గుర్రపుడెక్కా తప్ప మనిషి జాడ లేని చోట ముందు రెండు మూడు సార్లు దగ్గేది. తరువాత యాక్సిలరేటరు ఎంత తొక్కినా పలికేది కాదు. ఆగిన చోటే మేము తలలు వంచి ప్రార్థన చేసేవాళ్ళం. ఓ పావుగంటకు ఆమెన్ అనుకుని సెల్ఫ్ కొడితే మొదటి దెబ్బకే స్టార్టయ్యేది. ఇలా ఒక ఆదివారం కాదు, వరసగా పది పన్నెండు ఆదివారాలు జరిగింది.

మేము అంటే ఇద్దరం. నేను ఏలూరులో ఒక ఎయిడెడ్ స్కూల్లో సోషల్ మాస్టారిని. మా సంఘంలో సండే స్కూలు కూడా నాదే. రెండో మనిషి మా సంఘంలో అందరూ మామ్మగారని పిలిచే పెద్దావిడ. డెబ్బై దాటాయి. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆదివారం తెల్లారకముందే వచ్చి గుడి ఊడ్చి చాపలు పరిచేది ఆవిడే. కొల్లేరు లోపల ఒక లంకలో పన్నెండు విశ్వాసుల ఇళ్ళున్నాయి. తాటాకు గుడి ఒకటుంది గాని వాళ్ళకు కాపరి లేడు. ఆదివారం ఇక్కడ ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం మేమిద్దరం అక్కడికి వెళ్ళి వాక్యం చెప్పి, పాటలు పాడి, పొద్దు గూకకముందే తిరిగొచ్చేవాళ్ళం. అంతకుముందు బస్సు దిగి గట్టు మీద గంటన్నర నడిచేవాళ్ళం. వాన పడితే ఆ నల్లమట్టి చెప్పును వదలదు. ఆ ఏడు మామ్మగారి మోకాళ్ళు వాచాయి. వచ్చే వానల్లో నేను రాలేనేమోనండి మాస్టారూ అని ఒకసారి అంది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన మరుసటి ఏడు, కలిదిండి దగ్గర ఒక చెరువులాయన తన పాత జీపును అమ్మేస్తున్నాడని తెలిసింది. ఎప్పటిదో మిలిటరీ డిస్పోజల్ పెట్రోలు జీపు. నాలుగు చక్రాలూ లాగే బండి. మేత బస్తాలు మోసి మోసి కమాను పట్టీలు వంగిపోయాయి. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు వెనక సీటులో ఒక కోడి పొదుగుతోంది. దాన్ని లేపకుండానే బేరం చేశాను. పిల్లలయ్యాక పంపిస్తానండి అన్నాడాయన. అన్నట్టే నెల ఆగి పంపించాడు.

గుడి ఆవరణలో పాకవేసి మూణ్ణెల్లపాటు రోజూ సాయంత్రం దానితోనే గడిపాను. నాకు మెకానిజం రాదు. రాని పని మీద ఉండే మోజు వేరు. డ్రైవరు సీటు కింద ఉండే పెట్రోలు ట్యాంకు విప్పితే లోపల ఇటుకపొడిలా తుప్పు. గుప్పెడు గులకరాళ్ళు, రెండు లీటర్ల డీజిలు పోసి, ఒక చివర నేనూ ఒక చివర మా ఆవిడా పట్టుకుని ఉయ్యాల ఊపినట్టు ఊపాం. పిల్లల్ని కూడా ఇంత ఊపలేదండి మీరు అంది మా ఆవిడ. కడిగాక వెలుగుకు పెట్టి చూస్తే సూదిమొన చిల్లులు. రేడియేటర్లు అతికే ఆయన దగ్గరికి తీసుకెళ్ళి కనిపించిన చిల్లునల్లా సీసం పోయించాను. కొత్త పైపులు వేశాను. ఆకుపచ్చ రంగు నేనే పూశాను. పెళ్ళివారి కారులా ఉందన్నారు మా సంఘ కాపరి అయ్యగారు. ఆయనే ప్రతిష్ఠ ప్రార్థన కూడా చేశారు.

మొదటి ఆదివారమే గట్టు మీద ఆగిపోయింది. బానెట్టు ఎత్తి చూశాను. చూసినంత మాత్రాన ఏం తెలుస్తుంది? మామ్మగారు చీర కొంగు మొహం మీదికి లాక్కుని అప్పటికే గొణుగుతోంది. నేనూ కళ్ళు మూసుకుని, ప్రభువా ఈ బండిని కదిలించు అని పైకే ప్రార్థన చేశాను. స్టార్టయింది.

ఊరికే కూర్చున్నానని ఎవరూ అనుకోకూడదు. ఆ వారమే పెట్రోలు ఫిల్టరు మార్చాను. మళ్ళీ ఆదివారం ఆగింది. కార్బురేటరు విప్పి, సన్న తూముల్లో సైకిలు పంపుతో గాలి కొట్టి, తేలే బుడ్డీని నీళ్ళలో ముంచి బుడగలొస్తాయేమో చూశాను. ఆదివారం ఆగింది. పెట్రోలు లాగే పంపులో పొర చీలిందేమోనని కొత్తది వేశాను. వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోతుందని ఒక లారీ డ్రైవరు చెబితే, పంపు మీద తడిగుడ్డ చుట్టి, కొల్లేరు నీళ్ళు సీసాలో పెట్టుకుని దారి పొడుగునా తడుపుతూ వెళ్ళాను. గుడ్డ తడిగానే ఉంది, బండి ఆగింది. విచిత్రం ఏమిటంటే వారమంతా స్కూలుకూ బజారుకూ తిరిగితే ఒక్కసారి ఆగేది కాదు. ఆదివారం, వాక్యపరిచర్య దారిలో, పోతూ వస్తూ మాత్రమే ఆగేది. ప్రార్థన చేస్తే కదిలేది. నాలాంటివాడికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి? దుష్టుడు ఆపుతున్నాడు, దేవుడు నడిపిస్తున్నాడు అని నేను తేల్చేసుకున్నాను.

ఆ నడిపించడం నా ప్రార్థన వల్ల కాదని కూడా తేల్చుకున్నాను. నా ప్రార్థన సంగతి నాకు తెలుసు. పది వాక్యాలయ్యేసరికి రేపటి పాఠం గుర్తొస్తుంది. కాబట్టి అది మామ్మగారి ప్రార్థనే. ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి సంఘమంతటికీ చెప్పాను. మెకానిక్కులు చెయ్యలేనిది మన మామ్మగారి మోకాళ్ళు చేస్తున్నాయి అన్నాను. గుడి స్తోత్రాలతో మోగిపోయింది.

ఆ రోజు నుంచి మామ్మగారి బతుకు మారింది. నలభై ఏళ్ళుగా చాపలు పరిచిన మనిషిని ఎవరూ ఒక్కరోజు కూడా పైకి ప్రార్థన చెయ్యమని అడగలేదు. ఆవిడ మాట గొణుగుడు, ప్రార్థన మొదలుపెడితే ముగింపు ఉండదు అని నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఆరాధన అయ్యాక ఆవిడ ముందు వరస కట్టారు. పదో తరగతి హాల్ టికెట్లు పట్టుకుని పిల్లలు, కడుపు పండని కోడళ్ళు, పాలివ్వని గేదె ఉన్నవాళ్ళు. అత్తిలి నుంచి ఒక కుటుంబం రెండు బస్సులు మారి వచ్చింది. స్త్రీల సమాజం వాళ్ళు ఆవిడను చాప మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిడ ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకోవడం మొదలుపెట్టింది. వంగిన నడుము కొంచెం నిలబడింది. నాకు చూడ్డానికి ఎంత బాగుండేదో చెప్పలేను.

వేసవి చివర మా అయ్యగారు ఒకమాట అన్నారు. వానలొస్తే గట్టుకు రెండు పక్కలా నీరు నిలుస్తుంది, అక్కడ ఆగితే పెద్దావిడతో ఏం చేస్తారు అని. ఆ తరువాత నవ్వుతూ, "దేవుడు ఆపుతున్నాడో నడుపుతున్నాడో ముందు అదొకటి తేల్చుకోండి మాస్టారూ," అన్నారు.

తాడేపల్లిగూడెంలో పాత విమానాల మైదానం వైపు ఒక మేస్త్రీ గారున్నారు. డిస్పోజల్ జీపులంటే ఆ చుట్టుపక్కల ఆయన పేరే చెబుతారు. స్కూలు సెలవుల్లోనే ఒక శనివారం తీసుకెళ్ళాను. దారిలో రెండుసార్లు ఆగింది, రెండుసార్లు ప్రార్థన చేసుకున్నాను. ఆయన వేంకటేశ్వరస్వామి భక్తుడు. శనివారం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. నాకు మాత్రం టీ తెప్పించి, జరిగిందంతా మధ్యలో ఒక్కమాట అడ్డం రాకుండా విన్నారు. బానెట్టు ఎత్తలేదు. నా పక్కన ఎక్కి కూర్చుని, గణపవరం రోడ్డు మీద పోనివ్వండి, అది ఆగేదాకా ఆగకండి అన్నారు.

ఇరవై నిమిషాలకు ఆగింది. నేను అలవాటు చొప్పున తల వంచాను. ఆయన చెప్పులు విప్పి, నా ఆమెన్ అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నారు. స్టార్టయింది.

"ఎంతసేపండి మీ ప్రార్థన?" అని అడిగారు.

"పావుగంట ఉంటుందండి."

"ఇంకోసారి పోనిద్దామండి. ఈసారి ఆగినప్పుడు ప్రార్థన చెయ్యకుండా ఊరికే కూర్చుందాం. మీకు తప్పు కాకపోతేనే."

తప్పేనేమో అనిపించింది. దేవుణ్ణి పరీక్షించకూడదని ప్రతి ఆదివారం పిల్లలకు నేర్పేది నేనే. నా ముఖం చూసి ఆయనకు అర్థమైనట్టుంది. "మీ దేవుణ్ణి కాదండి పరీక్షించేది. బండినండి," అన్నారు.

మళ్ళీ ఆగింది. ఊరికే కూర్చున్నాం. వరి కోసేసిన చేలల్లో కొంగలు దిగుతున్నాయి. ఆయన వాళ్ళ అమ్మాయి కాన్పు గురించి చెబుతున్నారు. నాకు ఒక్క మాట చెవికెక్కలేదు. కదలకూడదు, కదలకూడదు అని నాలో నేను అనుకుంటున్నాను. దాన్ని ప్రార్థన అనాలో వద్దో ఇప్పటికీ తెలియదు. పావుగంట అయ్యాక ఆయన సెల్ఫ్ కొట్టమన్నారు. మొదటి దెబ్బకే స్టార్టయింది.

మూడోసారి ఆగినప్పుడు ఆయన నన్ను దింపి, సీటు ఎత్తి, ట్యాంకు మూత తిప్పారు. ఉస్సుమని పొడుగ్గా ఒక చప్పుడొచ్చింది. బంకులో మూత తీసినప్పుడల్లా ఆ చప్పుడు వింటూనే ఉన్నాను. పెట్రోలు వాసన బయటికి పోతోందనుకునేవాణ్ణి. ఇప్పుడు కొట్టండి అన్నారు. పావుగంట కాదు కదా, పావు నిమిషం కూడా పట్టలేదు. ఇంజను గురగురలాడుతూ నిలబడింది.

"నూనె డబ్బాకు రెండు బెజ్జాలు ఎందుకు కొడతారండి మాస్టారూ?"

"ఒకటే కొడితే నూనె ధార కట్టదండి. ఆగి ఆగి పడుతుంది."

"గాలి లోపలికి పోతేనే నూనె బయటికొస్తుందండి. ఇదీ అంతే. పెట్రోలు తగ్గేకొద్దీ లోపలికి గాలి పోవాలి. పోకపోతే పంపు ఎంత లాగినా రాదు. ఆగాక, మూత చుట్టూ ఉన్న బిరడా సందుల్లోంచి కొంచెం కొంచెం పోతుంది. దానికి ఓ పావుగంట పడుతుంది." మూత తిరగేసి ఎండలో పట్టుకున్నారు. మధ్యలో గుండీ అంత కొత్త సీసం మెరుస్తోంది. "ఈ బెజ్జం ఎవరు మూశారండి?"

నేనే మూయించాను. ట్యాంకుతోపాటు మూత కూడా ఇచ్చి, దీనికీ ఒక చిల్లుంది చూడండి, గట్టు మీద నీళ్ళు లోపలికి పోతాయి అని రేడియేటర్లాయనకు వేలు పెట్టి చూపించింది నేనే. పది పన్నెండు ఆదివారాలు ఆ మూత మీదే కూర్చుని, దుష్టుణ్ణి గద్దించింది కూడా నేనే. ఊళ్ళో పది నిమిషాల ప్రయాణాలకు ఆగకపోవడం, లంక దారిలోనే ఆగడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆయన నవ్వలేదు. షెడ్డుకు తిరిగెళ్ళాక చేతి డ్రిల్లుతో మూతకు సన్న బెజ్జం చేసి, గాలి ఊది చూసి నా చేతిలో పెట్టి, ప్రార్థన మానకండి మాస్టారూ, మూత మాత్రం మూయకండి అన్నారు.

ఏలూరు దాకా ఒక్కచోట కూడా ఆగకుండా వచ్చింది. అంత దిగులుగా నేను ఎప్పుడూ బండి నడపలేదు. దేవుడి మీద నా నమ్మకం ఎక్కడికీ పోలేదు. అది మూతలో బెజ్జం వల్ల వచ్చింది కాదు, బెజ్జం వల్ల పోయేదీ కాదు. నా బాధ మామ్మగారి గురించి. నిజం చెబితే ఆ కుర్చీ ఏమవుతుంది? ఆ తెల్లచీర, నిలబడ్డ నడుము ఏమవుతాయి? చెప్పకపోతే గుడిలో నిలబడి చెప్పిన అబద్ధం నా పేరున ఉండిపోతుంది. తెలియక చెప్పినప్పుడు అది పొరపాటు. తెలిశాక ఊరుకుంటే అబద్ధమే.

మా ఆవిడకు చెప్పాను. అన్నం వడ్డిస్తూ విని, "మీ సాక్ష్యం మీరే దిద్దుకోవాలి కదండీ. కానీ ముందు ఆవిడకు చెప్పండి. అందరితోపాటు కూర్చుని వినాల్సిన మాట కాదది," అంది.

మర్నాడు పొద్దున్నే గుడికి వెళ్ళాను. మామ్మగారు ఇంకా చాపలు దులుపుతోంది. కుర్చీ వచ్చినా ఆ పని ఆవిడ వదల్లేదు. నేనూ ఒక చాప అందుకుని, రెండో కొస పట్టుకుని పరుస్తూ మొత్తం చెప్పాను. మూత, బెజ్జం, సీసం, నూనె డబ్బా. ఆవిడ మధ్యలో ఆగలేదు. ఒక చాప తరువాత ఒక చాప. అయిదో చాప దగ్గర నడుం నిలబెట్టి నా వైపు చూసింది.

"నేను జీపు కోసం ఎప్పుడు ప్రార్థన చేశానండి?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆగినప్పుడల్లా చేశారు కదండీ అన్నాను.

"జీపు కోసం మీరు చేశారు బాబూ. నేను లంకలో మనవాళ్ళ కోసం చేసుకునేదాన్ని. పన్నెండిళ్ళు. ఇంటింటికీ, మనిషి మనిషికీ, పేరు పెట్టి. నడిచెళ్ళే రోజుల్లో గట్టు పొడుగునా అదే పని. ఊరు కనబడేసరికి సరిగ్గా అయిపోయేది. ఈ జీపొచ్చాక ఆ మోతలో నాకు పేర్లు తప్పిపోయేవి. అది ఆగిపోతే, హమ్మయ్య, ఇప్పుడు చేసుకోవచ్చులే అనుకునేదాన్ని."

నేను చాప మీద కూలబడ్డాను. ఆవిడ ఇంకో చాప దులిపి పరిచి, చీపురు గోడకు చేర్చి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఈసారి గొంతు తగ్గింది.

"మీరు సాక్ష్యం చెప్పిన రోజే లేచి, అది కాదండీ అనాల్సింది. మాస్టారు చెప్పాక నేనేటి కాదనేది అనుకున్నాను. అదీ నిజం కాదు. జనం వచ్చి చేతులు పట్టుకుంటుంటే బాగుంది బాబూ. నాకెవరూ అలా చెయ్యలేదు. ఆ బాగుండటం పోతుందని నోరు మూసుకున్నాను. మీది తెలియక జరిగింది. నాది తెలిసే జరిగింది."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆవిడ నడుము మళ్ళీ వంగిపోతుందేమోనని ఆలోచిస్తూ వచ్చినవాణ్ణి, ఆవిడ మనసు ఎంత నిటారుగా ఉందో చూసి సిగ్గుపడ్డాను. చివరికి నేనే సంఘంలో చెబుతాను, మీరు కూర్చోండి చాలు అన్నాను. ఊహూఁ, నా మాట నేనే చెబుతాను అంది.

ఇద్దరం చెప్పాం. ముందు నేను ట్యాంకు మూతను అందరికీ చూపించి చెప్పాను. నాలుగో వరసలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. నా క్లాసు పిల్లలు ఆపుకోలేదు కూడా. తరువాత మామ్మగారు లేచి, నాలుగు మాటల్లో తనది చెప్పి కూర్చుంది. అయ్యగారు ఆ రోజు ప్రసంగం మానేసి, పాపపు ఒప్పుకోలు ప్రార్థన పెట్టారు. ముందు తానే మోకరించారు.

ఆ తరువాత వరస తగ్గింది. అత్తిలి వాళ్ళు మళ్ళీ రాలేదు. హాల్ టికెట్ల కాలం కూడా అయిపోయింది. కుర్చీని స్త్రీల సమాజం వాళ్ళు తియ్యలేదు గాని, ఆవిడే దాన్ని గోడవారకు జరిపి చాప మీదికి దిగింది. నేను భయపడ్డట్టే జరిగింది. అయితే నేను ఊహించనిది ఒకటి జరిగింది. పెళ్ళై ఎన్నేళ్ళయినా పిల్లలు లేని కోడలొకతె ప్రతి ఆదివారం వచ్చి ఆ చాప మీదే ఆవిడ పక్కన కూర్చునేది. మీరు ప్రార్థన చేస్తే అవుతుందా మామ్మగారూ అని ఒకసారి అడగడం విన్నాను. అవుతుందో లేదో నాకు తెలీదమ్మా, నీ పేరు మాత్రం రోజూ చెబుతాను అంది ఆవిడ. ఆ పిల్ల తల ఊపి అక్కడే కూర్చుంది.

తొలకరి పడ్డాక మొదటి ఆదివారం లంకకు బయలుదేరాం. గట్టు మీద నల్లమట్టి అప్పటికే జారుతోంది. నాలుగు చక్రాల గేరు వేశాను. ఇరవై నిమిషాలు దాటాయి, ఇరవై అయిదు దాటాయి. దగ్గలేదు. ముప్పై దాటేసరికి దూరంగా తాటాకు గుడి కప్పు కనిపించింది. మూణ్ణెల్లు తుప్పు గోకిన చేతులు కదా, నాకు గర్వంగానే అనిపించింది. ఆ మాట అందామని పక్కకు తిరిగాను. మామ్మగారు కొంగు మొహం మీదికి లాక్కుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఇంజను మోతకు నాకేమీ వినబడలేదు. కాసేపటికి కొంగు తప్పించి, గుడి ఎంత దగ్గరికొచ్చిందో చూసి కంగారుపడింది.

"కొంచెం మెల్లిగా పోనివ్వండి బాబూ. ఇంకా మూడిళ్ళు ఉన్నాయి."

నేను బండి ఆపి, ఇంజను ఆర్పేశాను.